అత్తరు బొట్టు పిలుపు

ఇంకాస్త దగ్గరికి జరగండి. చేతిలో బియ్యం చాట ఉన్నా, ఒళ్లో పిల్ల ఉన్నా ఫర్వాలేదు, కూర్చుని వినండి. ఒక పిల్ల ఒక ఊరికి నీడ కుట్టిన సంగతి ఇది.

అబుధాబికి పడమట, రువైస్ దాటాక ఒక రేవు ఉంది. అక్కడ ఓడెక్కి గంటన్నర పోతే వచ్చే చిన్న దీవిలో, ఒక ముసలమ్మ ఇంట్లో నేను తొమ్మిదేళ్లు వంట చేశాను. ఆ దేశంలో ఇంటి యజమానురాలిని పనివాళ్లు ‘మామా’ అంటారు. ఆడమనిషిని మామా అని పిలవడానికి మొదట్లో నాకు నోరు రాలేదు. ఫోన్లో మా వదినకు చెబితే, “మీ మామకు మీసాలున్నయా వదినే?” అని పడీ పడీ నవ్వింది. మీసాలు లేవు గానీ మామా మాటంటే మాటే. ఆమెకు మోకాళ్ల నొప్పులు, గడప దాటడం తక్కువ. ఒకప్పుడు పడవలు ఒడ్డుకొచ్చే వేళ ఆడవాళ్లంతా సముద్రం పక్కన ఖర్జూరపు మట్టల పందిరి కింద కూర్చునేవాళ్లట. ఒక గాలివానకు పందిరి ఎగిరిపోయింది. నాలుగు స్తంభాలు మిగిలాయి. నీడ పోవడంతో కూర్చునేవాళ్లు రావడం మానేశారు, మామా కూడా ఇంటిపట్టునే ఉండిపోయింది.

కరోనా తగ్గి ఓడలు మళ్లీ మామూలుగా తిరుగుతున్న ఒక చలికాలంలో, అబుధాబి యూనివర్సిటీ నుంచి బొమ్మలు, శిల్పాలు చదివే పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరూ ఊరివాళ్లతో కలిసి ఊరికి పనికొచ్చేది ఏదైనా చేయాలి, అదే వాళ్ల పరీక్ష. అందులో ఒకమ్మాయి తెలుగు పిల్ల. తల్లిది కాకినాడ వైపు, అబుధాబిలో నర్సు. పిల్ల అక్కడే పుట్టింది, అరబీ గలగలా మాట్లాడుతుంది. మామా ఇంట్లోనే బస కాబట్టి అన్నం పెట్టేది నేనే.

ఆ పిల్ల ఒడ్డుకు పోయి నాలుగు స్తంభాలను చూసి వచ్చింది. ప్రతి ఇంటి నుంచి ఒక పాత బట్ట తీసుకుని, అన్నీ కలిపి కుట్టి, ఆ స్తంభాల మీద నీడ కట్టాలనుకుంది. కిరాణా కొట్టు ముందు పెద్ద అట్టపెట్టె పెట్టి, ‘మీ ఇంటి పాత బట్ట ఇవ్వండి’ అని అరబీలో ముచ్చటగా రాసి అంటించింది. గురువారం ఓడకు వాళ్ల సార్లు వస్తారు. అప్పటికి నీడ నిలబడకపోతే పరీక్ష పోయినట్టే.

ఆదివారం పెట్టె నిండింది. విప్పి చూస్తే అన్నీ కొత్తవే! ధర చీటీ కూడా తీయని చొక్కాలు, కవరు విప్పని తువ్వాళ్లు, రెండు దుప్పట్లు, పసిపిల్లల పాలడబ్బాలు, అడుగున ఒక ఖర్జూరాల పెట్టె. ఊరివాళ్లు దాన్ని దానం పెట్టె అనుకున్నారు. బీదవాళ్లకు పాతవి ఇస్తామా, తప్పు కాదా అని కొత్తవి కొని మరీ వేశారు.

పిల్ల వంటింటి గుమ్మంలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

“ఏడుస్తున్నవేంది బిడ్డా? కూరల కారం ఎక్కువైందా?”

“ఒక్క పాత గుడ్డ కూడా లేదు ఆంటీ. ఈ ఊళ్లో అందరూ ఇంత మంచోళ్లే అవ్వాలా అండీ?”

“మంచోళ్లే. నువ్వు డబ్బాతోని అడిగినవ్, డబ్బాకు దానమేసిండ్రు. నోటితోని అడిగితే గదా వాళ్లది వాళ్లు ఇచ్చేది.”

“కాగితం మీద వివరంగా రాశాను కదండీ.”

“మా దిక్కు పెండ్లికి గోడకు కాగితం అంటిస్తే ఎవలొస్తరే? ఇంటింటికి పోయి బొట్టు పెట్టి పిలుస్తం. బొట్టు పెట్టినంక రాకుంటె మాట పడేది వాళ్లే. ఇంకొకటి విను. ‘పాతది’ అనకు. ‘పారెయ్య బుద్ధి కానిది’ ఇయ్యుమను.”

పక్క గదిలోంచి మామా ఏమైందని అడిగింది. మా ఇద్దరి భాష సగం హిందీ, సగం అరబీ, మిగతాది చేతులు. చెప్పాను. ఆమె తస్బీ జపమాల పూసలు తిప్పడం ఆపి, అలమారలోంచి తన అత్తరు సీసా తెప్పించింది. అగరు చెక్క నుంచి తీసినది, నూనెలా చిక్కగా ఉంటుంది. అక్కడి ఇళ్లలో చుట్టం వస్తే మణికట్టు మీద రాస్తారు.

“ఒట్టి చేతులతో ఎవరి గడపా తొక్కవద్దు. ఇది తీసుకుని పొండి. యల్లా!”

మొదటి ఇల్లు చేపల పడవ యజమాని భార్యది. ఊళ్లో ఆమె నోటికి జడవని వాళ్లు లేరు. దారి పొడుగునా నా తలలో బొట్టు, బొట్టు అనే తిరుగుతోంది. తలుపు తెరుచుకుంది. సలాం చెప్పాను, సీసాలో వేలు ముంచాను, ఆమె మణికట్టు పట్టుకోవాల్సిన దాన్ని, నా వేలు తిన్నగా పోయి ఆమె రెండు కనుబొమ్మల నడుమ ఆగింది.

ఆమె కదల్లేదు. నేనూ కదల్లేదు. “అయిపోయాం ఆంటీ” అని వెనక నుంచి పిల్ల గొణిగింది.

ఆమె నుదురు తడుముకుని వేలు వాసన చూసింది. “ఏమిటిది? నేను ఉత్తరాన్నా, ముద్ర కొడుతున్నావు?”

చెంపలు వేసుకున్నాను. “తప్పయింది అమ్మా. మా ఊళ్లో పిలుపంటే ఇట్లే పిలుస్తాం. చెయ్యి అలవాటుగా పోయింది.”

“ఇలా పిలిస్తే?”

“తప్పక రావాలి.”

“తప్పకనా?” అని నుదురు మళ్లీ ఒకసారి తడుముకుని, “సరే, ఏం తేవాలి?” అంది.

అప్పుడు పిల్ల ముందుకొచ్చి పారేయ బుద్ధి కానిది ఇవ్వమని అరబీలో అడిగింది, నేను చెప్పిన మాటే. ఆమె లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు చేతిలో వెలిసిపోయిన నల్లటి తలగుడ్డ ఉంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు పడవలో ఎండ తగలకుండా వాళ్ల ముఖాల మీద కప్పేదట. ఇస్తూ ఇస్తూ ఒకసారి మళ్లీ వెనక్కి లాక్కుని వాసన చూసుకుని, అప్పుడు ఇచ్చింది.

నాలుగో ఇంటికి చేరేలోపు కబురు మాకంటే ముందు పోయింది. ఆడపిల్లలు గుమ్మాల్లో నుదురు ముందుకు చాచి నిలబడ్డారు. ఒక తాత, “మగవాళ్లకు లేదా?” అని తగువు పెట్టుకుని మణికట్టు మీద రాయించుకున్నాడు. సాయంత్రానికి నా కొంగు నిండా గుడ్డలు: పెళ్లినాటి గౌను అంచు, ఉయ్యాల గుడ్డ, పోయిన మనిషి తెల్లటి కందూరా అనే పొడుగు చొక్కా చెయ్యి.

కుట్టడం ఇంకో తంటా. దర్జీ మిషన్‌లో మందంగా ఉన్నచోట రెండు సూదులు విరిగాయి. “ఖలాస్, నా వల్ల కాదు” అన్నాడు దర్జీ. అప్పుడు నేను బొంత కుట్టు చూపించాను, పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి దారం లాగే కుట్టు. మంగళ, బుధవారాలు పొద్దు వాలేవేళ అసర్ నమాజు అయ్యాక ఆడవాళ్లు మామా హాల్లో చేరి కుట్టారు. ఆ పిల్లను నేను మెచ్చుకున్నది అప్పుడే. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో తాను కాగితం మీద రాసుకొచ్చింది. ఆడవాళ్లు వచ్చి, “అక్కచెల్లెళ్లవి పక్కపక్కన పెట్టు”, “మా ఇద్దరివి దూరంగా పెట్టు, లేకపోతే గాలికి కూడా కొట్టుకుంటాయి” అంటుంటే, ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేసింది. మళ్లీ తీయలేదు. చదువుకున్న పిల్ల, అంత సులువుగా తన గీతను వదులుకోవడం నేనెక్కడా చూడలేదు.

బుధవారం సాయంత్రం ఒక మూల మూరెడు తక్కువైంది. “ఇక ఏ ఇల్లూ మిగల్లేదు ఆంటీ” అంది పిల్ల.

మామా నా వైపు చూసింది. “నీది ఏది?”

“నేను పనిదాన్ని మామా. ఈ ఊరిదాన్ని కాదు కదా.”

ఆమె చెయ్యి చాపింది. సీసా అడిగి, వేలు ముంచి, నన్ను వంగమని సైగ చేసి, నా నుదుట సరిగ్గా బొట్టు పెట్టే చోట రాసింది.

“పిలిచాను. తప్పక రావాలని నువ్వే కదా చెప్పావు?”

నా పెట్టెలో అడుగున ఒక ఆకుపచ్చ చీర ఉండేది, మొదటిసారి విమానం ఎక్కిన రోజు కట్టుకున్నది. మసిగుడ్డ చేద్దామని రెండుసార్లు చింపబోయి ఆగాను. ఆ సాయంత్రం మూరెడు చింపి ఇచ్చాను.

గురువారం పొద్దున్నే పడవల వాళ్లు తమ తాళ్లతోనే ఆ బట్టను స్తంభాలకు బిగించారు. మామాను కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. సార్లు ఓడ దిగి వచ్చేసరికి కింద కాఫీ తిరుగుతోంది, పడవ యజమాని భార్య ఎవరినో కోప్పడుతోంది. ఒక సారు పైకి చూసి, ఇందులో నీ చేతిపని ఏది అని పిల్లను అడిగాడు. పిల్ల అరబీలో చెప్పిన జవాబుకు ఆడవాళ్లంతా నవ్వారు. ఏమన్నావే అని నేనడిగితే, “వంకర కుట్లన్నీ నావేనన్నానండీ” అంది. పరీక్ష గట్టెక్కింది. మామా మాత్రం పడవలన్నీ ఒడ్డుకు చేరేదాకా ఇంటికి రానంది. పొద్దు వాలేకొద్దీ నా ఆకుపచ్చ ముక్క నీడ ఆమె ఒళ్లోకి వచ్చింది.

విన్నారు కదా, చల్లగా ఉండండి. మీ గడపలో నిలబడి మీరు పిలిస్తే కాదనేవాళ్లు ఉండకూడదు, మిమ్మల్ని మరిచి ఎవరూ పిలుపు ముగించకూడదు. మీ ఇంటిమీది నీడ ఏ గాలికీ చిరగకుండా ఉండాలి.