పక్కకు ఒరిగిన క్రిస్మస్ చెట్లు

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఆ రోజుల్లో నా పరిస్థితీ అదే. బోటనీ బీఎస్సీ పాసై, ఉద్యోగం దొరికేదాకా కడియంలో మా అక్క నర్సరీలో చేరాను. (చేరానని నేనంటాను, భోజనానికి వచ్చానని బావ అనేవాడు.) అక్క మావగారు పోయాక నర్సరీ ఆవిడ చేతికొచ్చిన తొలి ఏడది. కాకినాడ వైపు ఒక చర్చి ఫాదర్ గారు ప్రహరీ పొడవునా నాటడానికి క్రిస్మస్ చెట్లు అడిగారు. అక్కను నమ్మి వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. ‘ఆవిడేం నడుపుతుందిలే’ అంటున్న చుట్టాల నోళ్లు దాంతోనే మూతపడాలి.

ఆ చెట్టు గోపురంలా నిటారుగా పెరుగుతుంది. మావగారు నాటినవి రెండు గేటు పక్కనే ఉండేవి. గింజలు దొరకలేదు కాబట్టి కొమ్మలే కోసి నాటాలి. చిటారున ఉన్న తలకొమ్మ కోస్తే మావగారి చెట్ల అందం పోతుందని అక్క బెంగ.

“పక్క కొమ్మలు బోలెడున్నాయి కదక్కా! ఏ కొమ్మయితే ఏంటి, చెట్టొకటేగా?” అన్నాను.

“చదువుకున్నోడివి, నీకు తెలీదా!” అని కత్తెర నా చేతికిచ్చేసింది.

కోసి నాటిన పక్క కొమ్మలన్నీ వేళ్లు తొడిగాయి. ఆకులు నిగనిగలాడాయి. అయితే ఒక్కటీ పైకి లేవలేదు. తల్లి చెట్టు మీద ఎలా పక్కకు చాచుకుని ఉండేవో, కుండీల్లోనూ అలాగే చాచుకున్నాయి.

“కిరణజన్య సంయోగక్రియ మాత్రం బ్రహ్మాండంగా జరుగుతోందక్కా!”

“జరక్కేం? హాయిగా పడుకుని జరుపుకుంటన్నాయి.”

మా లెక్చరర్ గారిని అడిగితే నవ్వారు. పక్క కొమ్మ మొగ్గకు పక్కకు పెరగడమే అలవాటట. వేరుపడి సొంత కాపురం పెట్టినా ఆ అలవాటు పోదట. (ఆ పాఠం రోజు నేను రాజమండ్రిలో మ్యాట్నీలో ఉన్నాను.) పరువు కాపాడుకుందామని ప్రతి మొక్కకూ వెదురుపుల్ల కట్టి నిలబెట్టాను.

ఫాదర్ గారు వచ్చి, వరుస చూసి మురిసిపోయారు. అక్క వెళ్లి ఒక మొక్క కట్టు విప్పింది. అది మెల్లగా ఒరిగింది.

“ఇదేంటమ్మా, నా ప్రసంగంలో మావాళ్లలాగా కునుకుతోంది?”

“ఇవి ఎప్పటికీ లేవవండి. పుల్లలు కట్టి మీకు అంటగట్టలేను. ఆర్డరు ఇంకెవరికైనా ఇచ్చుకోండి.”

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన కాసేపు ఒరిగిన మొక్కనూ, అక్కనూ చూశారు. “నిలబడేవి నువ్వే పెంచమ్మా. మేం ఆగుతాంలే” అన్నారు.

ఆయన కారు మలుపు తిరగ్గానే అక్క నిచ్చెన తెప్పించి, తనే ఎక్కి, మావగారి చెట్లు రెండిటి తలలూ కోసింది. దిగాక చాలాసేపు పమిట కొంగు మొహం మీంచి తీయలేదు. కోసిన చోటు కింద నిటారు పిలకలు లేచాయి. వాటిని కోసి నాటితే వచ్చినవే ఇవాళ ఆ ప్రహరీ వెంబడి బారులు తీరి ఉన్నవి.

కోయకుండా వదిలిన పిలకలతో గేటు పక్క చెట్లు ఇప్పుడు నాలుగేసి తలలతో వింతగా ఉంటాయి. చూడవచ్చినవాళ్లు ఫోన్లలో ఫొటోలు తీసుకుంటూ, ఇలా ఎవరు పెంచారండీ అని అడుగుతారు. “మా తమ్ముడి పనేనండి” అంటుంది అక్క. అందులో పొగడ్త ఎంతో, వెక్కిరింత ఎంతో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. అది నా పని కాదని ఇక్కడ రాసేశాను సరే, రేపు ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం, మామూలుగానే చేతులు కట్టుకుని కాస్త నిటారుగా నిలబడతానేమో.