మైకత్తకు చెప్పని మాట

మార్కెట్లో కూరగాయల వేలం పాడే ఆడమనిషి ఆమె ఒక్కతే. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి అందరూ మైకత్త అనేవారు. మొగుడు పోయాక ఆయన నిలబడిన దిమ్మ మీదే నిలబడి పాట మొదలుపెట్టింది. మొదట్లో నవ్విన వ్యాపారులే తర్వాత ఆమె నోట్లో నోరు పెట్టడానికి జంకారు. తూకంలో మోసం చేసినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేసేది. బీడీ ముట్టింది లేదు, చుట్ట ముట్టింది లేదు. అలాంటి మనిషికి దగ్గు పట్టుకుని వదల్లేదు.

పరీక్షలన్నీ తమ్ముడే చేయించాడు. జబ్బు పెద్దదైతే రోగికి తప్ప ఊరందరికీ చెప్పడం ఆ ఇంటి రివాజు. తండ్రికీ అలాగే చేశారు. అక్క తట్టుకోలేదని తమ్ముడూ మరదలూ కూడబలుక్కుని, ఊపిరితిత్తిలో నిమ్ము గడ్డకట్టిందన్నారు. ఆమె ముందు అసలు పేరు ఎత్తొద్దని డాక్టరును బతిమాలుకున్నారు. ఆయనా సరేనన్నాడు, అంత చదువుకుని. ఆమె గదిలోకి రాగానే చెవులు కొరుక్కోవడం ఆపేసేవారు. అది చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి ఆసుపత్రిలో స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టారు. పక్కన రోబో చెయ్యి. సూది ఎక్కడ, ఎంత వాలుగా దిగాలో బొమ్మను బట్టి ఆ చెయ్యి గురి పట్టి ఉంచుతుంది. డాక్టరు ఆ దారిలోనే సూది దించి, దాని కొసన వేడి పుట్టించి గడ్డను కాల్చేస్తాడు. కోత ఆపరేషన్‌ తట్టుకునే ఊపిరితిత్తులు కావు గనక మిగిలింది ఇదొక్కటే. పూర్తి మత్తు ఇవ్వలేదు. చెప్పినప్పుడల్లా ఆమె ఒకే మోతాదులో ఊపిరి తీసుకుని బిగబట్టాలి, ఊపిరి మారితే గడ్డ కదులుతుంది.

మైకత్త ఒకసారి గుండెల నిండా పీల్చింది. ఇంకోసారి సగంలో వదిలేసి నర్సును తిట్టింది. నిమ్ముకు ఇంత హంగామా ఏమిటని సణిగింది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. డాక్టరు విసిగిపోయి తమ్ముణ్ణి లోపలికి పిలిపించాడు. ఇలాగైతే సూది వెయ్యలేను, ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం కొంప మునిగిందిరా? నిమ్మేగా?" అంది ఆమె.

డాక్టరు గోడకేసి చూశాడు. తమ్ముడు బల్ల దగ్గరికొచ్చి వంగాడు.

"క్యాన్సరక్కా."

ఆమెకు కోపం నషాళానికంటింది. జబ్బు మీద కాదు. ఇన్నాళ్ళూ తన ప్రాణం సంగతి తన వెనక మాట్లాడుకున్నందుకు.

"నాన్న ఎందుకు పోతున్నాడో తెలియకుండానే పోయాడు. నన్నూ అలాగే సాగనంపుదామనుకున్నావా? పో బయటికి."

తమ్ముడు వెళ్ళాక, మళ్ళీ మొదలుపెట్టమని డాక్టరును గద్దించింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తుడుచుకోలేదు. చెప్పినంతే పీల్చింది, చెప్పినంతసేపూ బిగబట్టింది, ప్రతిసారీ అదే ఊపిరి. సూది సరిగ్గా గడ్డలోకి దిగింది.

సాయంత్రం డాక్టరు వార్డులోకి వచ్చి, ఒకసారి బయటికి రమ్మని తమ్ముడికి సైగ చేశాడు. ఆమె మంచం కమ్మీ మీద చేత్తో చరిచింది.

"ఇటు తిరగండి. రోగిని నేను."

ఆయన తిరిగాడు. ఆ గడ్డ కాలిపోయిందని చెప్పాడు. కానీ ఇవాళ్టి స్కానులో రెండోవైపు ఓ మచ్చ కనిపించింది, అదేమిటో ఇప్పుడే చెప్పలేమన్నాడు. తమ్ముడు బావురుమని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె ఆ చెయ్యి విదిలించుకుంది.

"తర్వాత ఏడుద్దువుగాని. ముందు నన్ను విననీ," అని డాక్టరు వైపు తిరిగింది. "ఎంత ఉంది మచ్చ?"