చిలక కంచంలో జిమ్మి ముద్ద

అరకు సంత దారిలో ఉన్న కిరాణా కొట్లో ఈమధ్య డాగ్ ఫుడ్ బస్తా విప్పి విడిగా అమ్ముతున్నారు. మొన్న కందిపప్పు కోసం వెళ్ళి ఆ బస్తా పక్కనే నిలబడ్డాను. వేయించిన పిండీ, ఎండుచేపల పొడీ కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకి తగలగానే, కొట్టతను ఏం కావాలని అడుగుతున్నా ఎందుకు వచ్చానో గుర్తు రాలేదు. మా చెల్లెలు చిలక చేతులకి ఒక ఏడాదంతా ఇదే వాసన ఉండేది.

మాది కొండవాలు మీద పెంకుటిల్లు. వానాకాలం మంచు గుమ్మం దాటి లోపలికి వచ్చేసేది. తడి కట్టెల పొగ, పొయ్యి మీద ఉడికే చోడి అంబలి, చూరుకి వేలాడే మొక్కజొన్న పొత్తులు, పనసకాయ పండిందంటే ఇక ఇల్లంతా అదే వాసన. మేమంతా చింతపిక్కలాడుతుంటే చిలక మాత్రం దుప్పటి కప్పుకుని పొయ్యి పక్కనే కూర్చునేది. పుట్టుకతోనే దాని నెత్తుట్లో జబ్బుంది. మా కొండల్లో చాలా ఇళ్ళకి తెలిసిన జబ్బే. చలి ముదిరితే కీళ్ళు పట్టేసేవి, కళ్ళు పచ్చబడేవి, కంచం చూస్తే మొహం తిప్పేసుకునేది. "ఒక్క ముద్ద తినవే గుంటా" అని అమ్మ బతిమాలని పూట లేదు.

నాన్న గెస్ట్‌హౌస్‌లో వాచ్‌మన్. అక్కడ ఉండే ఆఫీసరుగారి కుటుంబం బదిలీ మీద వెళ్తూ తమ పామరేనియన్ కుక్కని నాన్న చేతిలో పెట్టేసింది. తెల్లగా, పిల్లికన్నా కాస్త పెద్దగా ఉండేది. పేరు జిమ్మి. మా ఇంటికొచ్చాక మేం తినేదే దానికీ పెట్టాం. అది నెత్తళ్ళ చేపల పులుసుంటే మరొకటి ముట్టేది కాదు. వానలు తగ్గేసరికి బొచ్చు ఊడిపోయి, తిన్నదంతా కక్కుకోవడం మొదలుపెట్టింది. ఉప్పూకారం మానిపించి డాగ్ ఫుడ్ మాత్రమే పెట్టకపోతే బతకదన్నాడు పశువుల డాక్టరు. నాన్న రైల్లో విశాఖపట్నం వెళ్ళి ఒక సంచీ తెచ్చాడు.

జిమ్మి ఆ గోధుమరంగు గుళికలను వాసన చూసి, వెనక కాళ్ళతో మట్టి ఎగదోసి వెళ్ళిపోయింది. పాలల్లో నానబెట్టాం, అంబలిలో కలిపాం. అంబలి మాత్రం నాకి గుళికలన్నీ వదిలేసేది. చివరికి ఒకరోజు చిలక తన కంచంలోనే ఓ వారగా నాలుగు గుళికలు పోసుకుని, పక్కనున్న సామ అన్నం ముద్ద ఒకటి నోట్లో పెట్టుకుని, ఎంతో రుచిగా ఉన్నట్టు నమిలింది. జిమ్మి దాని నోటికేసే చూసి, నెమ్మదిగా వచ్చి, కంచంలోంచి ఒక గుళిక తీసుకుంది.

"అమ్మా, తిన్నాదే!" అని అరిచింది చిలక.

"నువ్వు తింతేనే అది తింతాది. ఇంకో ముద్ద ఎట్టుకో, బేగి" అంది అమ్మ. కంచంలో కుక్క మూతి పెట్టిందని కోప్పడలేదు.

అలా మా ఇంట్లో ఇద్దరు తినడం మొదలుపెట్టారు. దానికో గుళిక, దీనికో ముద్ద. జిమ్మికి బొచ్చు మళ్ళీ వచ్చింది, చిలక బుగ్గలు నిండాయి. మరుసటి ఏడు కొర్రకొత్త పండగనాడు అడ్డాకుల్లో కొత్త కొర్రల అన్నం వడ్డిస్తే, చిలక మారు అడిగి పెట్టించుకుంది. అమ్మ పొయ్యివైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

వలిసె పూలు లోయంతా పసుపు పరిచిన రోజుల్లో చిలకకి జ్వరంతో పాటు గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు రోడ్డు మీదే ఆగిపోతుంది కాబట్టి నాన్న దాన్ని వీపున వేసుకుని దిగాడు. "జిమ్మికి అన్నం ఎట్టు అప్పా" అంది అక్కనైన నాతో. విశాఖ ఆసుపత్రి నుంచి అమ్మా నాన్నా దాన్ని తెల్లగుడ్డలో తీసుకొచ్చారు.

ఆ తర్వాత జిమ్మి గుమ్మంలో పడుకుని తిండి మానేసింది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని తనూ మానేసింది. ఏడవను కూడా లేదు. చుట్టాలు చెప్పి చెప్పి వెళ్ళిపోయారు. ఒక పొద్దున్న నాన్న జిమ్మిని ఎత్తుకొచ్చి అమ్మ ముందు దించాడు. చిలక కంచంలో ఇంత అన్నం, ఓ వారగా గుళికలు పెట్టాడు.

"ఇదీ సచ్చిపోతే సిలక మనల్ని ఏటంతాదే? నువ్వొక్క ముద్ద ఎట్టుకో. నిన్ను సూసి అది తింతాది."

అమ్మ చాలాసేపటికి లేచి కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుంది గానీ మింగలేక అలాగే ఉండిపోయింది. జిమ్మి అమ్మ నోటికేసే చూస్తోంది. అమ్మ నమిలింది. జిమ్మి ఒక గుళిక అందుకుని, జారవిడిచి, మళ్ళీ అందుకుంది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో అది కరకరమన్న చప్పుడికి అమ్మ ఒక్కసారిగా బావురుమంది. నాన్న అమ్మ భుజం పట్టుకుని కూర్చున్నాడు తప్ప ఊరుకోమనలేదు.

జిమ్మి చాలా ఏళ్ళు బతికి, ముసలిదై, కాఫీ మొక్కల నీడలో పోయింది. మా సామల చేను ఉన్నచోట ఇప్పుడు టూరిస్టులకి గుడారాలు వేశారు. పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది, పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. చలికాలం రాత్రుళ్ళు కట్టెల పొగకి బదులు గుడారాల వైపు నుంచి పాటలొస్తాయి. చిలక మొహం నాకు బాగానే గుర్తుంది. గొంతు మాత్రం పోయింది. అది అన్న మాటలన్నీ తెలుసు, కానీ అవి నా గొంతులోనే వినిపిస్తాయి. అమ్మకైనా గుర్తుందేమో అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. తనకీ గుర్తు లేదంటే ఏం చెయ్యాలో తెలియక ఊరుకుంటాను.