గద్ద గూడున్న చెట్టు

పెద్దమావయ్య పోయాడని హాడోలోని ఆయన ఇంటి నుంచి కబురొచ్చినప్పుడు నేను మిడిల్ పాయింట్‌లో, ఆఫీసులో ఉన్నాను. అప్పటినుంచీ ఒకచోట నిలవలేకపోతున్నాను. పొయ్యి మీద కూర పెట్టి వరండాలోకి వస్తాను, ఎందుకొచ్చానో తెలియదు. ఇది ఆయన దగ్గర అంటుకున్న జబ్బే. ఆయన అన్నం కూడా నిలబడే తినేవాడు. కూర్చోమంటే, "సముద్రం కూకుంటాదేటి?" అనేవాడు.

శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన కొత్తలో, నాన్న లేని మా ఇంటికీ ఆయనే దిక్కు. పాత పడవ పుచ్చిపోయింది. కొత్తది తొలుచుకోమని ఫారెస్టు వాళ్ళు మా గుడిసెల వెనక ఒక చెట్టుకు పర్మిషన్ ఇచ్చారు. గొడ్డలితో వెళ్ళిన మావయ్య, చెట్టుకు దెబ్బ వెయ్యకుండానే తిరిగొచ్చాడు. కొసన సముద్రపు గద్దల గూడుంది. గూట్లో పిల్ల ఉంది.

"పడవ నేకుండా ఏటి తింతాం? గద్దకి పురుడు పోస్తన్నావా?" అని అత్త విరుచుకుపడింది.

"బచ్చాకి రెక్కలు రానీవే!"

ఇక ఆయనకు కాలు నిలవలేదు. పరాయి పడవల్లో కూలికి వెళ్ళి, దిగుతూనే "ఎగిరిందేటే గుంటా?" అని నన్ను అడిగేవాడు. చెట్టు కింద నిలబెట్టి చూపించేవాడు. పెద్ద గద్దలకు తలా పొట్టా తెలుపు, రెక్కలు బూడిద రంగు. పిల్ల మాత్రం మట్టి రంగు. తల్లి నీళ్ళ మీదకు వాలి, ఒళ్ళు తడవకుండా కాళ్ళతోనే చేపను ఎత్తుకుపోయేది. "దాని గోళ్ళల్లోంచి జారదు, నా సేతుల్లోంచే జారిపోతాది," అని నవ్వేవాడు. ఇంట్లో మాత్రం గంజి రోజురోజుకీ పలచబడింది. అత్త మాట్లాడటం మానేసింది.

చివరికి పిల్ల ఎగిరింది. అది సొంతంగా వేటాడేదాకా ఆగి, అప్పుడు చెట్టు కొట్టాడు. ఆ పడవ తెచ్చిన చేపలతోనే మేం బతికాం, నేను చదువుకున్నాను. ఆయన మీద నాకున్న ప్రేమకు ఈ నాలుగు మాటలు చాలవు.

ఈ గద్దల జంట ఏటేటా పాత గూటికే తిరిగొచ్చి, దాన్నే పుల్లలతో పెంచుకుంటుందని ఆయనకు తెలియదు. మరుసటేడు ఒక పొద్దున పడవ నీళ్ళలోకి దిగింది. నేను గంజి క్యారేజీ అందిస్తున్నాను. కాళ్ళలో పుల్ల పట్టుకుని గద్ద వచ్చింది. చెట్టు ఉండిన చోట, ఖాళీ గాలిలో, ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"పిల్ల ఎగిరిపోతే సాలనుకున్నానే," అన్నాడు మావయ్య.

తెడ్డు ఒడిలో పెట్టుకుని తలెత్తి చూస్తున్నాడు. పడవను అల వెనక్కి, ఒడ్డుకే నెడుతోంది. గద్ద పుల్ల వదలకుండా తిరుగుతూనే ఉంది.