బదిలీ అయిన సారు సెలవు

మా అనకాపల్లి బడిలో ఫిజిక్స్ సారు జూన్‌లో గొలుగొండకి బదిలీ అయ్యారు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. ఆ పీరియడ్ డ్రిల్లు మాస్టారికి ఇచ్చారు. ఆయన నిరుడు టెన్త్ చదివిన అమ్మాయి నోట్సు తెప్పించుకుని, అక్షరం పొల్లుపోకుండా పిల్లల చేత రాయిస్తున్నారు.

ఈ రోజు తెలుగు పేపర్లు దిద్దుకుంటూ కిటికీలోంచి చూస్తే, ఫిజిక్స్ పీరియడ్‌లో టెన్త్ పిల్లలంతా కబడ్డీ ఆడుతున్నారు.

"ఏటి మాస్టారూ, పాఠం లేదా?" అన్నాను.

"ఈయాల సారు సెలవు కదా మేడమ్. నోట్సులో ఉంది, సూడండి," అన్నారు డ్రిల్లు మాస్టారు.

నిజమే. నిన్నటి పాఠం చివర "రేపు సారు సెలవు" అని రాసి, కింద గీత కూడా గీసుంది.

పేజీలు తిప్పాను. నిరుడు పబ్లిక్ పరీక్షల ముందు సారు వారం రోజులు పెళ్లికి వెళ్లారని ఉంది.

సెలవు పెట్టని సారు నోట్సు మీ దగ్గరుంటే పంపండి.