రిలీవర్ వచ్చేదాకా

నలభై దాటాక ఒక డాక్టరమ్మ నాకు ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీ ఉందని తేల్చింది. అమ్మకు ఫోన్‌లో చెబితే, "అంటే ఏటిరా, బద్ధకమా?" అంది.

"ఇంచుమించు అదేనమ్మా. కాకపోతే దీనికి మాత్రలుంటాయి," అన్నాను.

నాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేసినంతకాలం మా ఇంట్లో వినబడిన నియమం ఒకటే. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి నిలబడేదాకా డ్యూటీలో ఉన్నవాడు కదలకూడదు. నాన్నకు పక్షవాతం వచ్చాక ఆ నియమం సెక్టర్ 4లో ఆయన మంచం దాకా వచ్చింది. ఒకసారి ఒంటరిగా వదిలితే లేవబోయి పడ్డారు. అప్పటినుంచి పగలు అమ్మ డ్యూటీ, సాయంత్రం నాది.

ఆ రోజు మాత్రం అమ్మ మధ్యాహ్నమే రమ్మంది. తను పెళ్లయి భిలాయి వచ్చిన కొత్తలో దొరికిన స్నేహితురాలు క్వార్టర్ ఖాళీ చేసి శ్రీకాకుళం వెళ్లిపోతోంది. ఆవిడ మోకాళ్లకి అమ్మావాళ్ల మూడో అంతస్తు పడదు. అమ్మే దిగాలి.

సెక్టర్ 7లో, మా ఇంట్లో, మూడు అలారాలు పెట్టుకున్నాను. స్నానానికొకటి, చొక్కాకొకటి, బయల్దేరడానికొకటి. మూడూ మోగాయి. ఇక ధ్యాస చెదరకూడదని ఫోన్ సైలెంట్‌లో పెట్టి, స్కూటర్ తాళం కోసం సొరుగు లాగాను. పాత బ్యాటరీలు, కొత్త బ్యాటరీలు కలిసిపోయి ఉన్నాయి. విడదీశాను. ఆ సొరుగు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంది.

నేను చేరేసరికి అమ్మ ఇస్త్రీ చీరలో బాల్కనీలో నిలబడి ఉంది.

"వెళ్లిపోయిందా?"

"ఇప్పుడే. కింద ఆటో ఆపించింది. ఇక్కణ్ణుంచే అరుసుకున్నాం. ఆటోవాడు 'చలో మాతాజీ, గాడీ ఛూట్ జాయేగీ' అని, రైలెల్లిపోతాదని ఒకటే గోల. సగం ఇనబళ్ళేదు."

"రెండు నిమిషాలు దిగాల్సిందమ్మా."

"రిలీవర్ లేకుండా పోస్టు ఒగ్గీసి ఎలాగెల్తాన్రా?"

మంచం మీంచి నాన్న ముద్దముద్దగా, "నానెల్లమన్నాను. ఇనదు. ఆడికి లేటు మార్కెయ్యి," అన్నారు.

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. "మందేసీసేను. నీళ్లు తాగేరు. కాసేపాగి పక్కకి తిప్పు," అని డ్యూటీ అప్పగించి చెప్పులు వేసుకుంది.

"ఇంకెక్కడికమ్మా?"

అప్పటికే మెట్లు దిగుతోంది. బాల్కనీలోంచి చూశాను. గేటు బయట, ఆటో ఆగిన చోటే నిలబడి, కొంగు సర్దుకుని రోడ్డు వైపు చూస్తోంది.