మూడు కుప్పల ఉన్ని

మా మందలో అయిదు వందల నల్లగొర్రెలు ఉండేవని వనపర్తి సంతలో చాలామందికి చెప్పాను. అన్ని లేవు. ఎంత సాగదీసినా నూరు దాటేవి కావు. కళ్లు మూసుకుని ఉన్ని పట్టుకుంటే ఏ గొర్రెదో చెప్పేస్తానని కూడా కోతలు కోసేవాణ్ణి. ఆ విద్య నాది కాదు, మా అన్నది. అన్న గొంగళ్లు నేసేవాడు, నేను మందను కాసేవాణ్ణి.

చాలా ఏళ్లుగా సంతలో కొన్న ఉన్నితోనే నేస్తున్న అన్నకు నిరుడు చూపు బాగా మందగించింది.

"ఒక్క గొంగడి నేసి మగ్గం ఇప్పేస్త తమ్మీ. మన మంద ఉన్నితోనే కావాలె," అన్నాడు.

"గదెంత పని! పది గొంగళ్లకు సరిపోయేటంత తెస్త," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

గొర్రెల బొచ్చు కత్తిరించి పెరట్లో పోస్తే మూడు కుప్పలయింది. మొదటిది తల్లుల పోలిక: మెత్తగా, వంకులు తిరిగిన నల్ల ఉన్ని. రెండోది సగం ఉన్ని, సగం వెంట్రుక. మూడోది తండ్రి పోలిక, అంటే ఎప్పుడో మందలో కలిసిన ఎర్ర పొట్టేలుది: మేక బొచ్చులా నిటారుగా, బిరుసుగా. మెలిపెడితే నిలవదు, విడిపోతుంది. అన్నిటికంటే పెద్ద కుప్ప అదే. మొదటిది నా రుమాలులో మూటకట్టేంత.

ఆ మాట అన్నకు చెప్పలేకపోయాను. గద్వాల దిక్కు మా చుట్టం దగ్గర ఇంకా అసలు నల్లగొర్రెలే ఉన్నాయి. అక్కణ్ణుంచి ఒక సంచి ఉన్ని తెచ్చి, మనదేనని వదినె ముందర పెట్టాను. వడికేది ఆమె. బట్ట పరిచి ఉన్నిని చేతులతో విడదీస్తూ కూర్చున్న మనిషి కాసేపటికి నన్ను పిలిచింది.

"ఏం మరిదీ, మన బల్మూరు దిక్కు అంత ఎర్ర చెల్కలే గదా?"

"ఔ వదినె."

"మరి గీ రాలిన దుమ్ము నల్లగున్నదేంది? గీ రేగడి యాడికెళ్లొచ్చింది?"

అన్నీ ఆలోచించాను గానీ, గద్వాల నల్లమట్టిని మరిచిపోయాను.

"చెరువుల పండుకోబెట్టిన, గందుకే."

"నిండు చెరువుల పండుకున్నయా? గవి గొర్రెలా, బర్రెలా?" అని ఆమె పకపకా నవ్వింది.

మంచం మీది నుంచి అన్న చెయ్యి చాపాడు. ఒక పిడికెడు ఉన్ని అందుకుని, నలిపి, వాసన చూశాడు.

"మనది కాదు. మనదేమైంది తమ్మీ?"

మూడో కుప్పలోంచి ఇంత తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను. మెలిపెట్టాడు. విడిపోయింది. మళ్లీ మెలిపెట్టాడు.

ఎండాకాలం సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున మేపుతుంటే ఎవరిదో ఎర్ర పొట్టేలు దానంతటదే వచ్చి మా మందలో కలిసిందని ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. దూడంత ఎత్తుండేదని కూడా కలిపేవాణ్ణి.

"అది వచ్చి కలవలేదన్నా," అన్నాను. "నేనే కొనుక్కొచ్చిన. పిల్లలు జల్ది పెరుగుతయి, మాంసం కోతకు మంచిగ పోతయని."

వదినె నవ్వు ఆగిపోయింది.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు వద్దంటవని."

"అంటుంటి," అన్నాడు అన్న.

గద్వాల సంచి తిప్పి పంపించమన్నాడు. మా మూడు కుప్పలూ కలిపి వడికించాడు; బిరుసు బొచ్చు మెలిలో నిలవక చాలామటుకు రాలిపోయింది. నూలుకు చింతగింజల గంజి రెండుసార్లు పట్టించినా మగ్గం మీద పోగులు తెగుతూనే ఉన్నాయి. తెగిన కొస ఆయనకు కనిపించదు. "తమ్మీ, తెగింది," అనేవాడు. పక్కన కూర్చుని నేను ముడివేసేవాణ్ణి. ఆ పనిలో నెల గడిచింది. గొంగడి భుజాల నుంచి మోకాళ్ల దాకా కూడా రాకముందే నూలు అయిపోయింది.

మగ్గం నుంచి కోసి నా చేతికిచ్చాడు.

"నాకు కనబడ్తలేదు. ఎట్లున్నది, చెప్పు."

జిల్లాలోనే ఇట్లాంటిది లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"బిరుసుగున్నదన్నా. అంచు వంకరొచ్చింది. నడుమ రెండు చోట్ల పలచగున్నది."

"ఔ," అన్నాడు. దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని మడత పెట్టసాగాడు.